ఇంట్లో గిటార్‌కి 2000 వాట్లా?

"మోడెలర్ కొన్నాక 12 అంగుళాల, 2000 వాట్ల ఎఫ్ఆర్ఎఫ్ఆర్ క్యాబ్ కొనకపోతే డబ్బు బూడిదలో పోసినట్టే. ఫ్లాట్ క్యాబ్ అయితే అచ్చం ట్యూబ్ ఆంప్‌లాగే పలుకుతుంది. స్టూడియో మానిటర్లు గిటార్ దెబ్బకి పగిలిపోతాయి." విజయనగరంలో మా గిటార్ కుర్రాళ్ల ఫోన్లలో ఈ మెసేజ్ తెగ తిరుగుతోంది. నాకే నలుగురు పంపారు. అందులో ఒకడు అప్పు చేసి మరీ కొనబోయాడు, అందుకే రాస్తున్నాను. తెలియనివాళ్లకి: మోడెలర్ అంటే రకరకాల గిటార్ ఆంప్‌ల ధ్వనిని డిజిటల్‌గా అనుకరించే పెట్టె. క్యాబ్ అంటే స్పీకర్ పెట్టె, ఎఫ్ఆర్ఎఫ్ఆర్ అంటే ఫుల్ రేంజ్, ఫ్లాట్ రెస్పాన్స్. ట్యూబ్ ఆంప్ అంటే వాక్యూమ్ ట్యూబులతో నడిచే పాత తరహా గిటార్ ఆంప్. స్టూడియో మానిటర్లు రికార్డింగ్‌ని ఉన్నదున్నట్టు వినడానికి వాడే స్పీకర్లు.

ముందు ఆ 2000 సంగతి. అది చాలావరకు పీక్ లెక్క, అంటే క్షణకాలం అందే పవర్. నిలకడగా ఇచ్చేది అందులో సగమో, ఇంకా తక్కువో. అయినా వాట్లు రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్సే. చెవికి మోత రెట్టింపు అనిపించాలంటే సుమారు 10 డెసిబెల్స్, అంటే పదింతల వాట్లు కావాలి. 200 వాట్ల పెట్టె కన్నా 2000 వాట్ల పెట్టె రెండింతలు మోగుతుంది, అంతే. ఇంట్లో మనం వాడేది ఒక్క వాటు కూడా ఉండదు. మామూలు స్పీకర్ ఒక వాటుకే, మీటరు దూరంలో, 90 డెసిబెల్స్ దాకా ఇస్తుంది. నేను ఒకసారి అరువు తెచ్చిన పెద్ద క్యాబ్‌ని పావు వంతు తిప్పానో లేదో, కింద వాటా పిన్నిగారు మెట్ల మీదికొచ్చి "ఏటి బాబూ, మిక్సీ ఏటైనా పాడైందేటి?" అని అడిగారు. నేను వాయిస్తున్నది సోలో.

ఇక "ఫ్లాట్ అంటే ట్యూబ్ ఆంప్". ఇది పూర్తిగా తలకిందులు. ఫ్లాట్ అంటే తన రంగు కలపకుండా, వచ్చినదాన్ని వచ్చినట్టు వినిపించడం. గిటార్ ఆంప్‌లో ఉండే స్పీకర్ ఫ్లాట్ కాదు, 5 కిలోహెర్ట్జ్ దాటాక దాని పలుకు జారిపోతుంది. డిస్టార్షన్‌లోని గరగర మనకు చేరనిది అందుకే. మోడెలర్‌లో ఆ పని చేసేది ఐఆర్ (ఇంపల్స్ రెస్పాన్స్, అంటే స్పీకర్ ధ్వనికి తీసిన నమూనా) లేదా క్యాబ్ బ్లాక్ (స్పీకర్‌ని అనుకరించే భాగం). అది ఆపేసి ఫ్లాట్ క్యాబ్‌లోకి పంపితే నూనెలో ఆవాలు చిటపటలాడినట్టుంటుంది. ఆన్ చేసి ఉంచి మామూలు ఆంప్ ముందు జాక్‌లో పెడితే స్పీకర్ మీద స్పీకర్, దుప్పటి కప్పినట్టు. పాత ఆంప్‌లో ఎఫెక్ట్స్ రిటర్న్ (నేరుగా పవర్ ఆంప్‌లోకి వెళ్లే జాక్) ఉంటే ఐఆర్ తీసేసి అందులో పెట్టండి. కొత్త క్యాబ్ అవసరమే రాకపోవచ్చు. పైగా ఐఆర్ ఇచ్చేది మైకు పెట్టి రికార్డు చేసిన ఆంప్ ధ్వని, ఎదురుగా నిలబడి వినే ఆంప్ ధ్వని కాదు. ఫెండర్ 2023లో తెచ్చిన ఎఫ్ఆర్ క్యాబ్‌ల మీద బాస్, మిడ్, ట్రెబుల్, హై కట్ నాబ్‌లున్నాయి. అమ్మేవాళ్లే సర్దుబాటు అవసరమని ఒప్పుకున్నారన్నమాట.

మన ఊరి సంగీత కళాశాల 1919 నాటిది, ద్వారం వెంకటస్వామి నాయుడు గారు వయొలిన్ నేర్పింది అక్కడే. ఆ వాద్యానికి పెట్టె ఒంట్లోనే ఉంది. మనం పెట్టెని విడిగా కొనాల్సి రావడం వల్లే ఇంత రచ్చ.

ఇక 12 అంగుళాల మాట. అంత స్పీకర్ ఇచ్చే బాస్‌ని ముందు మన గదే చెడగొడుతుంది. మన గదులు 10 అడుగులకి అటూ ఇటూ. పది అడుగుల గోడల మధ్య 57 హెర్ట్జ్ దగ్గర, మళ్లీ దాని రెట్టింపు 114 దగ్గర గది తనే మోగుతుంది. గిటార్ ఐదో తీగ 110, దాని మొదటి ఫ్రెట్ 116. అందుకే ఆ తీగ కొడితే బీరువా తలుపు కూడా శ్రుతి కలుపుతుంది. ఎంత ఖరీదైన క్యాబ్ తెచ్చినా ఇది పోదు. మూల నుంచి జరిపి, నేల మీంచి లేపి పీట మీద పెడితే కొంత తగ్గుతుంది. ఇంకో చిక్కు, స్టేజి క్యాబ్‌లో ఊఫర్ (బాస్ పలికేది) కింద, హార్న్ (ట్రెబుల్ పలికేది) పైన ఉంటే రెండూ కలిసి ఒకటిగా వినపడాలంటే కాస్త దూరం కావాలి. మంచం మీద మూడడుగుల దూరంలో కూర్చుంటే విడివిడిగా వస్తాయి, పైగా హార్న్ సన్నగా ఉస్సుమంటూ ఉంటుంది.

మానిటర్లు పగలడం ఉత్త మాట. మోడెలర్ నుంచి వచ్చేది లైన్ సిగ్నల్, అంటే పాటల ప్లేయర్ నుంచి వచ్చేలాంటిదే. పాటలో వినే గిటార్‌కి, దీనికి స్పీకర్ దృష్టిలో తేడా లేదు. డ్రమ్మర్ పక్కన పెట్టి ఫుల్ తిప్పితే ఏదైనా పోతుంది. ఐదంగుళాల మానిటర్ల జత దగ్గర నుంచి వినడానికే చేసింది, స్టీరియో డిలే (ఎడమా కుడీ తిరిగే ప్రతిధ్వని) కూడా తెలుస్తుంది. రాత్రిళ్లు హెడ్‌ఫోన్.

డ్రమ్స్‌తో ప్రాక్టీసు ఉన్నవాళ్లకి పెద్ద క్యాబ్ కావాల్సిందే, అక్కడ నాకు పేచీ లేదు. పైడితల్లమ్మ సిరిమాను పండగ రోజుల్లో స్టేజి ఎక్కేవాళ్లు మాత్రం మోడెలర్ లైన్‌ని నేరుగా సౌండ్ మిక్సర్‌కి ఇచ్చేస్తారు. మోత కూడా చూసుకోండి. తక్కువ వాల్యూమ్‌లో చెవికి బాస్, ట్రెబుల్ తక్కువగా అందుతాయని ఫ్లెచర్, మన్సన్ అనే శాస్త్రవేత్తలు 1933లోనే చూపించారు. ఇంట్లో నెమ్మదిగా పెట్టుకుని సర్దిన ప్రీసెట్ (మోడెలర్‌లో దాచుకున్న సెట్టింగ్) స్టేజి మీద బొంయ్ మంటూ చెవులు కోస్తుంది.

అప్పు చేయబోయినవాడు విశాఖ వెళ్తున్నాడు. తన మోడెలర్, తన ప్రీసెట్ పట్టుకెళ్లమన్నాను. షాపతను వాల్యూమ్ పెంచి చూపిస్తాడు. మామూలు గొంతుతో మాట్లాడుకోగలిగినంత వరకు తగ్గించమని అడిగి, అప్పుడు వినమన్నాను.