పది బై పది గదికి వంద వాట్లు

ఇంట్లో ప్రాక్టీసుకి ఎలాంటి గిటార్ యాంప్, అంటే తీగల చప్పుడు పెంచి వినిపించే స్పీకర్ పెట్టె, కొనాలన్న విషయంపై పద్నాలుగు నెలలుగా అధ్యయనం చేస్తున్నాను. ఈ పద్నాలుగు నెలల్లో గిటార్ మీద నాకు వచ్చినవి మూడు కార్డులు, అంటే కలిపి మోగించే స్వరాల గుత్తులు: జి, సి, డి. ఎఫ్ ఇంకా పరిశీలనలో ఉంది. వేళ్ళ నొప్పికి భయపడి వాయిదా వేస్తున్నానని గిట్టనివాళ్ళు అంటున్నారు. సరైన యాంప్ లేకుండా ఎఫ్‌ని అవమానించడం నాకిష్టం లేదు, అంతే.

ముందు వాట్ల సంగతి. పెద్ద యాంప్ అంటే పెద్ద మోత అనుకునేవాళ్ళకి లెక్కలు తెలీవు. వాట్లు రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్సే. చెవికి రెండింతలు మోగినట్టు అనిపించాలంటే వాట్లు పదింతలు కావాలి. పై ఫ్లాట్‌లో ఇంటర్ కుర్రాడి దగ్గర 10 వాట్ల సెకండ్ హ్యాండ్ యాంప్ ఉంది. వాడికి రెండింతలు పలకాలంటే నాకు 100 ఉండి తీరాలి. పక్షపాతం లేని గణితం ఇది.

మాది పది బై పది బెడ్రూం. మంచం, బీరువా, ఇస్త్రీకి వెళ్ళాల్సిన బట్టల కుర్చీ పోగా నాకూ యాంప్‌కీ మధ్య మిగిలేది ఒక మీటరు. గిటార్ స్పీకర్ ఒక్క వాట్‌కే ఆ దూరంలో 90 డెసిబెల్స్ దాటేస్తుంది. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు మాత్రం నివాస ప్రాంతాలకి పగలు 55, రాత్రి పది దాటాక 45 అంటున్నాయి. ఆ గీత నా గదిలోనే గీసుకుంటే నేను వాడుకోగలిగేది ఒక వాట్‌లో కొన్ని వేల వంతుల్లో ఒక వంతు. మిగతా తొంభై తొమ్మిది చిల్లర వాట్లూ ఊరికే పడి ఉంటాయి కదా అంటారా? మీ అటక మీద గుండిగ లేదూ? దాన్ని చివరిసారి ఎప్పుడు దించారో చెప్పండి.

బాస్ కంపెనీలో కటానా 50 అనే యాంప్ చేసినవాళ్ళకి ఈ సూక్ష్మం అందలేదు. 50 వాట్లూ ఇచ్చి, దాన్ని అర వాట్‌కి దించే స్విచ్ కూడా పెట్టారు. ఇంట్లో వాయించుకునేవాళ్ళు దాన్నే మెచ్చుకుంటున్నారు. కాలం మారిపోయింది.

ఇక వాల్వుల యాంపులు, అంటే లోపల గాజు గొట్టాలు వెలిగేవి. తాతయ్య రేడియోలో వాల్వులు వేడెక్కితే గానీ విజయవాడ కేంద్రం పలికేది కాదు. ట్రాన్సిస్టర్ రాగానే ఆ రేడియోని పాత సామాన్లవాడికి ఇచ్చి స్టీలు గిన్నె పుచ్చుకున్నాం. ఇప్పుడు స్లొవేకియాలో తయారైన అదే జాతి వాల్వు కోసం వేలు పోయడానికి సిద్ధంగా ఉన్నాను. పైగా వాల్వు యాంప్ అసలు రుచి వాల్యూమ్ బాగా తిప్పితేనే తెలుస్తుందట. అపార్ట్‌మెంట్‌లో దాన్ని తిప్పేది ఎవరు? అసోసియేషన్ సెక్రటరీ గారు తిప్పుతారు, నన్ను.

అందుకే రకరకాల యాంపుల గొంతుల్ని అనుకరించే మోడలింగ్ యాంపులవైపు మళ్ళాను. క్లీన్, క్రంచ్, మెటల్, ఏది కావాలంటే అది. కొన్నిటికి ఫోన్ యాప్‌లో వేల టోన్లు. మూడు కార్డులకి వేల టోన్లెందుకని కుర్రాడు అడిగాడు. పిల్లవాడు. బహుముఖ ప్రజ్ఞ యాంప్‌కి ఉంటే చాలు, ఇద్దరికీ ఉంటే పోటీ వస్తుంది.

బ్లూటూత్ ఉంటే అమ్మకి పాటలు కూడా పెట్టొచ్చని ఇంట్లో బడ్జెట్ పాస్ చేయించుకున్నాను. అదొక్కటే పొరపాటు. మామూలు గిటార్ స్పీకర్ 5 కిలోహెర్ట్జ్ దాటాక చేతులెత్తేస్తుంది. గిటార్‌కి అదే అందం, పాటకి అదే శాపం. సుశీలమ్మ దుప్పటి కప్పుకుని పాడుతున్నట్టు వినిపిస్తుంది. యమహా టీహెచ్ఆర్ లాంటి బల్ల మీది రకాలు పాటలకి కూడా పనికొస్తాయి గానీ, చూడ్డానికి టిఫిన్ డబ్బాలా ఉంటే నా స్థాయి ఏం కాను?

చివరికి పోయిన ఆదివారం ఇంటికొచ్చింది మాత్రం వంద కాదు, 50 వాట్లది. ఆన్ చేయగానే గంభీరమైన ఓంకారం. చాలాసేపు తన్మయంగా విన్నాను. పైనుంచి కుర్రాడొచ్చి, మూడు పిన్నుల ప్లగ్‌ని రెండు పిన్నుల అడాప్టర్‌లో గుచ్చానని, ఎర్త్ లేదని, అది 50 హెర్ట్జ్ కరెంటు హమ్ అని చెప్పాడు. "తీగలు పట్టుకున్నప్పుడు షాక్ కొట్టొచ్చు అంకుల్" అని అడాప్టర్ పీకేసి వెళ్ళిపోయాడు. నిశ్శబ్దంలో ఆ టోన్ మళ్ళీ దొరకలేదు.

ఆ రాత్రి హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నాను. వైరున్నవే. బ్లూటూత్‌వి అయితే తీగ ఇప్పుడు మీటితే మోత కాసేపటికి వస్తుంది. గరగర పెంచే గెయిన్ పూర్తిగా తిప్పి, స్టేడియం అంత రివర్బ్, అంటే ప్రతిధ్వని పెట్టి, కళ్ళు మూసుకుని జి కొట్టాను. చెవుల్లో లక్షమంది జనం. సి కొట్టాను. డి దగ్గరికొచ్చేసరికి ఎవరో భుజం తట్టారు.

అమ్మ. నిద్రకళ్ళతో నిలబడి ఉంది.

"ఒరేయ్, ఆ దువ్వెన గీకడం ఆపి పడుకోరా."