స్వభావం జన్యువుల్లో ఉన్నా, చదువు ముందే తేలిపోదు

జన్యువులకూ చదువుకూ ఉన్న సంబంధం గురించి ఒక వ్యాసం చదివాను. చదువులో రాణించడానికి తెలివితేటలే చాలవనీ, పట్టుదల, ఆసక్తి, ఆత్మవిశ్వాసం కూడా కావాలనీ, వాటి మీదా జన్యువుల ప్రభావం ఉందనీ అందులో రాశారు. అది నిజమే. అయితే దీన్ని చదివి ‘ఇక పిల్లల రాత పుట్టుకతోనే ఖాయం’ అనుకునేవాళ్లుంటారని నా భయం.

ఇంగ్లండ్, వేల్స్‌లలో 10,000 మందికి పైగా పిల్లలను 7 ఏళ్ల నుంచి 16 ఏళ్ల వరకు పరిశీలించిన అధ్యయనం 2024లో వచ్చింది. ఈ గుణాలకు సంబంధించిన జన్యు స్కోరుకూ (డీఎన్‌ఏలోని ఎన్నో చిన్న తేడాల ప్రభావాన్ని కలిపి వేసే అంకె) చదువుకూ మధ్య సంబంధం ఆ తొమ్మిదేళ్లలో దాదాపు రెట్టింపైంది. అంతా పుట్టుకతోనే తేలిపోతే ఇలా పెరగాల్సిన పనేముంది? పిల్లలు ఎదిగేకొద్దీ తమ స్వభావానికి నప్పే స్నేహాలు, పుస్తకాలు, వ్యాపకాలు వెతుక్కుంటారు. పెద్దలూ దాన్ని బట్టే స్పందిస్తారు. ఉత్సాహంగా ప్రశ్నలడిగే పిల్లకి టీచర్ ఇంకాస్త ఓపిగ్గా చెబుతారు, దాంతో ఆమె ఇంకా ఎక్కువ అడుగుతుంది. నోరు విప్పని పిల్లాడికి ఆ అవకాశమే రాదు. పరిశోధకులు కూడా ఆ సంబంధం పెరగడానికి ఇలాంటి వివరణే ఇచ్చారు. నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించింది ఇదే, వ్యాసంలో మాత్రం ఒక్క వాక్యంలో దాటేశారు.

ఒకే ఇంటి తోబుట్టువులను పోల్చినప్పుడు ఆ సంబంధం తగ్గింది, కానీ పోలేదు. అంటే జన్యువుల ఖాతాలో వేస్తున్న దాంట్లో కొంత ఇంటి వాతావరణానిది. పైగా ఈ స్కోర్లు ఎక్కువగా యూరప్ మూలాలున్నవారి డేటాతో తయారైనవి. మిగతా జనాభాల్లో అవి అంత బాగా పనిచేయవు. ఇలాంటి స్కోరు చూసి పిల్లలను సెక్షన్లుగా విడగొట్టాలని ఆ వ్యాసం కింది వ్యాఖ్యల్లో ఒకరు సూచించారు. దయచేసి ఆ ఆలోచన మానుకోండి.