ఆ యురేనియం ఎక్కడిదో చెప్పవలసింది ఎవరు?

2021 మే నెలలో ముంబయిలో మహారాష్ట్ర ఉగ్రవాద నిరోధక దళం పోలీసులు 7 కిలోలకు పైగా యురేనియం పట్టుకున్నప్పుడు వార్తల్లో అన్నిటికంటే పెద్ద అక్షరాల్లో కనిపించింది దాని ధర, 21 కోట్ల రూపాయలు. అది సహజ యురేనియమేనని, అంటే బాంబుకు పనికివచ్చే స్థాయికి సంపన్నం చేసినది కాదని, భాభా అణు పరిశోధన కేంద్రం నిర్ధారించింది. మరుసటి నెల జార్ఖండ్‌లోని బొకారోలో దొరికిన పదార్థం అసలు యురేనియమే కాదని తేలింది. ఇటువంటి ప్రతి సందర్భంలోనూ మనం ముందుగా అడగవలసినది, అది ఏ గనిలో పుట్టింది, ఏ కర్మాగారం దాటి వచ్చింది, ఎవరి కాపలా తప్పించుకుంది అని. దీనికి సగం జవాబు చెప్పగల శాస్త్రం మన చేతిలో ఉంది. మిగిలిన సగం ప్రభుత్వాల బీరువాల్లో ఉండిపోతోందన్నదే నా ఆవేదన.

ఆ శాస్త్రం ఏం చెప్పగలదో ఒక పాత ఘటన చూపిస్తుంది. 1999 మే 29న బల్గేరియాలో, డాన్యూబ్ ఒడ్డునున్న రూసే సరిహద్దు వద్ద, టర్కీ నుంచి వచ్చి రొమేనియా వైపు వెళ్తున్న ఒక కారును కస్టమ్స్ అధికారులు ఆపారు. డ్రైవరు తడబాటు చూసి సోదా చేస్తే, టైర్లకు గాలి కొట్టే పంపులో దాచిన సీసపు డబ్బా, దాని లోపల పసుపు మైనం, ఆ మైనం మధ్యలో గాజు గొట్టం, అందులో సుమారు 10 గ్రాముల నల్లటి పొడి బయటపడ్డాయి. తరువాత అమెరికాలోని లారెన్స్ లివర్మోర్ ప్రయోగశాల ఆ పొడిని క్షుణ్ణంగా పరీక్షించింది. అందులోని యురేనియంలో, రియాక్టర్లకూ బాంబులకూ కావలసిన రకం (ఐసోటోపు) యు-235 దాదాపు 73 శాతం, యు-236 అనే మరో రకం సుమారు 12 శాతం ఉన్నాయి. నా దృష్టిలో ఈ రెండో అంకెదే అసలు విలువ. గనిలో తవ్విన యురేనియంలో యు-236 లెక్కకు వచ్చేంత ఉండదు. రియాక్టర్‌లో యు-235 పరమాణువు న్యూట్రాన్‌ను గ్రహించి కూడా విచ్ఛిత్తి చెందకుండా, అంటే రెండుగా చీలకుండా, మిగిలినప్పుడు అది పుడుతుంది. అంటే ఈ పదార్థం మొదట యు-235 వాటా 90 శాతం దాకా పెరిగేలా సంపన్నమై, రియాక్టర్‌లో బాగా వాడుకలోకి వెళ్లి, ఆ వాడిన ఇంధనం నుంచి మళ్లీ రసాయనికంగా వేరు చేసినదన్న మాట.

వయసు కూడా దొరికింది. యురేనియంలోనే ఇంకో రకమైన యు-234 క్షీణిస్తూ థోరియం-230 అనే వేరే మూలకంగా మారుతుంది. యురేనియాన్ని రసాయనికంగా శుద్ధి చేసినప్పుడు థోరియం తొలగిపోతుంది కనుక, ఆ తరువాత కొత్తగా ఎంత పోగుపడిందో కొలిస్తే ఎంత కాలం గడిచిందో తెలుస్తుంది. యు-234 అర్ధజీవితం, అంటే అందులో సగం క్షీణించడానికి పట్టే కాలం, సుమారు 2,45,000 సంవత్సరాలు. అంత నెమ్మదైన మార్పులో కొద్ది సంవత్సరాలకే పుట్టిన పిసరంత థోరియాన్ని కొలిచి, ఆ రసాయన శుద్ధి జరిగింది 1993లోనని చెప్పగలగడం మనిషి ఓపికకు, నేర్పుకు గొప్ప నిదర్శనమని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను. డబ్బా సీసంలోని ఆంటిమొనీని, మైనానికి పసుపు రంగునిచ్చిన బేరియం క్రోమేట్‌ను, లోపలి కాగితంలోని నారను సైతం వారు వదలలేదు. ఆ ఆధారాలు తూర్పు ఐరోపా వైపు చూపించాయి.

అయినా ఏ కర్మాగారమో తేలలేదు. 2001లో పారిస్‌లో, 2011లో మోల్దోవా రాజధాని కిషినావ్‌లో దొరికిన పదార్థాలకూ దీనికీ పోలికలు కనబడ్డాయి, రష్యా వైపు అనుమానాలు సాగాయి, కానీ నిర్ధారణ మాత్రం రాలేదు. దీన్ని శాస్త్రవేత్తల వైఫల్యం అనడం అన్యాయం. వేలిముద్ర ఎంత స్పష్టంగా దొరికినా, సరిపోల్చడానికి పాత ముద్రల పుస్తకం లేకపోతే దొంగ పేరు రాదు. ఆ పుస్తకం పుటలు ఒక్కో దేశం దగ్గర ఒక్కొక్కటి ఉన్నాయి. తమ ఇంధనం వివరాలు బయటపెడితే రక్షణ రహస్యాలు బయటపడతాయని దేశాలు అంటాయి. ఆ భయం పూర్తిగా నిరాధారం కాదు. అయితే వివరాలన్నీ అప్పగించమని ఎవరూ అడగడం లేదు. పట్టుబడిన పదార్థం విశ్లేషణ పంపితే, అది తమదో కాదో గడువులోగా చెప్పే బాధ్యత తీసుకోమని మాత్రమే అడగవచ్చు. అంతర్జాతీయ అణుశక్తి సంస్థకు 1993 నుంచి 4,000కు పైగా ఘటనలు నమోదై చేరాయి. ఇన్ని జరిగాక కూడా అంతమాత్రం జవాబుకు ఒప్పుకోకపోవడం నాకు బాధ్యతారాహిత్యంగా కనిపిస్తుంది.

ఇది మనకు దూరపు విషయం కాదు. కడప జిల్లా తుమ్మలపల్లెలో ఖనిజం కార్బొనేట్ శిలలో ఉంటుంది కాబట్టి అక్కడ ఆమ్లానికి బదులు సోడియం కార్బొనేట్ ద్రావణాలతో యురేనియాన్ని కరిగించి, సోడియం డైయురేనేట్ అనే పసుపు ముద్దగా తీస్తారు. జార్ఖండ్‌లోని జాదుగూడ యురేనియం గని దగ్గర వాడేది సల్ఫ్యూరిక్ ఆమ్లం. ఖనిజంలో జాడలుగా ఉండే అరుదైన మృత్తికా మూలకాల (రేర్ ఎర్త్స్) నిష్పత్తులు ఈ పసుపు ముద్దలో కూడా చాలావరకు నిలిచి ఉంటాయి కనుక, ఏ గని సరుకో చెప్పడానికి అవి మంచి సాక్ష్యం. ఈ సరుకు, కజకిస్థాన్, కెనడా వంటి దేశాల నుంచి దిగుమతి అయినదీ, హైదరాబాద్‌లోని అణు ఇంధన సముదాయానికి చేరుతుంది. అక్కడ ఆమ్లంలో కరిగించి శుద్ధి చేసిన తరువాత ఆ మూలకాల జాడలు చాలావరకు చెరిగిపోతాయి. అందుకే ప్రతి సరుకు నుంచీ చిటికెడు నమూనా, దాని పూర్తి విశ్లేషణ, ఆ కరిగింపుకు ముందే తీసి భద్రపరచాలని, ఆ పనికి చట్టబద్ధమైన ఒక సంస్థ జవాబుదారీగా ఉండాలని నేను గట్టిగా కోరుతున్నాను.