తుడవడం సరే, ఆరబెట్టడం ఎప్పుడు?

సముద్రానికి దగ్గరగా ఉండే ఇళ్లలో తరచూ వినిపించే మాట ఒకటుంది: "రోజూ తుడుస్తూనే ఉన్నాం, అయినా తుమ్ములు తగ్గడం లేదు." పిల్లలకు ఆయాసం వస్తే ఇల్లు సరిగ్గా ఊడ్వడం లేదంటూ ముందుగా నింద పడేది కూడా ఇంటి పని చేసే మనిషి మీదే. ఇది అన్యాయం. ఉక్కపోత వాతావరణంలో ఇంటి అలర్జీలకు మూలం చాలావరకు దుమ్ములో కాదు, తేమలో ఉంటుంది. ఆ సంగతి పట్టించుకోకుండా ఎంత తుడిచినా ఫలితం అంతంతమాత్రమే.

ఇంటి దుమ్ము కొందరికి పడకపోవడానికి ప్రధాన కారణం డస్ట్ మైట్లని 1960లలో నెదర్లాండ్స్ పరిశోధకులు గుర్తించారు. మిల్లీమీటరులో మూడో వంతు కూడా ఉండని ఈ జీవులు మన ఒంటి నుంచి రాలే చర్మపు పొట్టు తిని బతుకుతాయి. నీళ్లు తాగవు. గాలిలోని తేమనే ఒంట్లోకి లాక్కుంటాయి. గాలిలో తేమ చాలాకాలం 50 శాతం లోపే ఉంటే ఎండిపోయి చస్తాయి, 70 నుంచి 80 శాతం ఉంటే విపరీతంగా పెరుగుతాయి. తీరప్రాంతాల్లో నెలల తరబడి ఉండేది ఆ రెండో పరిస్థితే. బూజుకూ అంతే, తడి దొరికితే చాలు.

తీరానికే ప్రత్యేకమైన చిక్కు ఇంకొకటి ఉంది, దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. సముద్రపు గాలితో వచ్చే ఉప్పు కిటికీల మీద, గోడల మీద, సామాన్ల మీద కనిపించని పొరగా పేరుకుంటుంది. తేమ సుమారు 75 శాతం దాటగానే ఉప్పు గాలిలోని నీటిని లాక్కుని తానే కరగడం మొదలుపెడుతుంది. పొద్దున తుడిచిన కిటికీ చట్రం సాయంత్రానికి మళ్లీ జిగటగా తగలడానికి ఇదో కారణం. ఆ జిగటకు దుమ్ము అంటుకుంటుంది. సువాసనల క్లీనర్ కన్నా మంచినీళ్లలో తడిపి గట్టిగా పిండిన గుడ్డతో ఉప్పును తీసేసి, వెంటనే పొడిగుడ్డతో తుడవడం మేలు. సువాసన అలర్జీ కారకాలను తొలగించదు. పైగా ఘాటైన వాసనలు ఆస్తమా ఉన్నవాళ్లను ఇబ్బంది పెడతాయి కూడా.

నేల విషయంలోనూ ఇంతే. పొడిచీపురు దుమ్మును గాలిలోకి లేపుతుంది కాబట్టి తడిగుడ్డ మంచిదే. కానీ మాప్ నిండా నీళ్లు పెట్టి, కిటికీలు మూసి, ఫ్యాన్ వేయకుండా వదిలేస్తే ఆ నీరంతా గదిలోని గాలిలోకే చేరుతుంది. నా ఉద్దేశంలో తీరప్రాంతపు ఇంట్లో నేల ఆరే వరకూ శుభ్రం చేయడం పూర్తయినట్టు కాదు. రెండు పూటలా మాప్ పెట్టే బదులు ఒక్కసారి పెట్టి పూర్తిగా ఆరనివ్వడం నయం.

అన్నిటికన్నా ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది మాత్రం నేల మీద కాదు, పరుపు మీద. మనకు పడనివి ముఖ్యంగా మైట్ల మలంలోని ప్రొటీన్లు. ఆ రేణువులు కదిలించినప్పుడు లేచి, అరగంటలోపు చాలావరకు కిందకు దిగిపోతాయి. అంటే వాటిని ఎక్కువగా పీల్చేది గదిలో నడిచేటప్పుడు కాదు, దిండులో ముఖం పెట్టి పడుకునేటప్పుడు. దుప్పట్లు, దిండు గలీబులు వారానికోసారి ఉతకాలి. నీరు 60 డిగ్రీల వేడి ఉంటే మైట్లు చస్తాయి. చల్లటి నీళ్లలో అవి చావకపోయినా అలర్జీ కలిగించే ప్రొటీన్లు చాలావరకు కొట్టుకుపోతాయి, కాబట్టి వేడినీళ్లు లేవని ఉతకడం మానక్కర్లేదు. ఉతికినవి పూర్తిగా ఆరాకే మడతపెట్టాలి. కొంచెం చెమ్మగా ఉన్నా పర్లేదనుకుని అల్మారాలో పెట్టేస్తే బూజును పెంచినట్టే.

అయితే పరుపుకు మైట్లు దూరని కవర్ తొడిగితే సమస్య తీరిపోతుందా? ఆస్తమా ఉన్న 1,122 మంది పెద్దలపై జరిపిన ఒక పరిశోధన 2003లో వెలువడింది. అలాంటి కవర్లు ఒక్కటే వాడినవాళ్లకు ప్రయోజనం కనబడలేదు. మరుసటి ఏడాది అమెరికా నగరాల్లోని 937 మంది పిల్లలపై అధ్యయనం వచ్చింది. అందులో ఎవరికి ఏది పడదో పరీక్షించి, దానికి తగ్గట్టు పడక, దుమ్ము, బొద్దింకలు వంటి అన్నిటి మీదా కలిపి పనిచేశారు. ఆ పిల్లల్లో లక్షణాలు తగ్గాయి. ఒక్క వస్తువు కొనిపించే ప్రకటనలను నేను నమ్మకపోవడానికి కారణం ఇదే. ముందు డాక్టర్ దగ్గర అలర్జీ పరీక్ష చేయించుకుంటే శ్రమ, డబ్బు రెండూ మిగులుతాయి. బొద్దింకలు పడనివాళ్లు పరుపు మీద ఖర్చు పెట్టి ఏం లాభం?

చేతిలో హైగ్రోమీటర్ (గాలిలో తేమను కొలిచే పరికరం) ఉంటే తేమ ఎంతుందో అంచనా వేసుకునే పని ఉండదు. బయట గాలి పొడిగా ఉన్న వేళ కిటికీలు తెరవాలి, వంటగదిలో, స్నానాల గదిలో ఎగ్జాస్ట్ ఫ్యాన్ వాడాలి. ఏసీ తేమను తగ్గిస్తుంది గానీ, దాని ఫిల్టర్, నీళ్లు చేరే ట్రే శుభ్రంగా లేకపోతే బూజు రేణువులను గది నిండా చల్లేదీ అదే. గోడ మీది బూజును పొడిగా గీకకూడదు. చచ్చిన బూజు కూడా అలర్జీ కలిగిస్తుంది కాబట్టి బ్లీచ్ చల్లి వదిలేస్తే చాలదు, తడిపి తుడిచి తీసేయాలి. బ్లీచ్‌ను యాసిడ్‌తో గానీ అమోనియాతో గానీ ఎప్పుడూ కలపొద్దు, విషవాయువు పుడుతుంది.

గోడ లోపల పైపు కారుతున్నా, పైకప్పు నుంచి నీరు దిగుతున్నా ఏ గుడ్డా పనిచేయదు. అది మరమ్మతు పని, ఇంటి యజమాని బాధ్యత. అలాగే అలర్జీ ఉన్న మనిషి చేత దులపడం, ఊడవడం చేయించకూడదు. ఆ పని ఇంట్లో మరొకరు మాస్క్ పెట్టుకుని చేయాలి, అలర్జీ ఉన్నవాళ్లు కనీసం అరగంట ఆగి గదిలోకి రావాలి.