అప్ అనే చిరుద్యోగిపై అభియోగపత్రం

ఆంగ్ల భాషను ఏలుతున్న పెద్దలకు సవినయంగా సమర్పించుకునే అర్జీ ఏమనగా, తమ కొలువులో అప్, ఆఫ్, అవుట్, ఇన్, డౌన్ అనే చిరుద్యోగులు కొందరు ఉన్నారు. క్రియ ఏదైనా తన దారిన తాను పోతుంటే వీరు దాని వెనక చేరి, అర్థాన్ని తారుమారు చేసి, ఏమీ ఎరగనట్లు నిలబడతారు. గివ్ అంటే ఇవ్వడమని బెత్తం దెబ్బలతో సహా నేర్చుకున్నవాడికి, పక్కన అప్ చేరితే అది మానుకోవడమనీ, ఇన్ చేరితే లొంగిపోవడమనీ ఎలా తోస్తుంది?

వీరిలో మొదటి ముద్దాయి అప్. తెలుగు నోట అప్పు అవుతుంది గనుక మొదటి నుంచీ నాకు అతడిపై అనుమానమే. మేక్ పక్కన చేరి ముఖానికి రంగు పూస్తాడు, అలిగిన దంపతులను కలుపుతాడు, లేని కథ అల్లుతాడు, ఎగ్గొట్టిన క్లాసుకు బదులు క్లాసు పెట్టిస్తాడు. ఇన్ని శాఖలు ఒకే గుమాస్తా చేతిలో ఉంటే మన దగ్గరైతే ఏసీబీ వాళ్లు ఎప్పుడో వచ్చి ఉండేవారు. పైగా కొన్నిచోట్ల ఒకే పనికి ఇద్దరిని నియమించారు. కాగితం బర్న్ అప్ అయినా, ఇల్లు బర్న్ డౌన్ అయినా మిగిలేది బూడిదే. ఆఫ్ సంగతి ఇంకా ఘోరం. దీపం గో ఆఫ్ అయితే ఆరిపోతుంది, అలారం గో ఆఫ్ అయితే మోగుతుంది.

ఈ ఆఫ్‌తో నాకు స్వానుభవం ఉంది. కొన్నేళ్ల కిందట, సముద్రం అవతలి అధికారి ఒకరు రాత్రి తొమ్మిది గంటల సమీక్ష కాల్డ్ ఆఫ్ అని ఈమెయిలు పంపారు. అందులో కాల్ కనబడింది కనుక కాల్ వస్తుందని గ్రహించి, ఫోను నిండా చార్జింగ్ పెట్టి, మిక్సీ వేయవద్దని ఇంట్లో ఆదేశించి, చెవులకు హెడ్‌సెట్ తగిలించుకుని పదిన్నర దాకా కూర్చున్నాను. అన్నం చల్లారింది, పచ్చడి నూరడం మరునాటికి వాయిదా పడింది. క్యాన్సిల్ అనే నిక్షేపంలాంటి మాట ఆ భాషలోనే ఉందని ఆయనకు గుర్తు చేసే హోదా నాకు లేదు.

ఇది నా ఒక్కడి ఏడుపే అనుకోవద్దు. క్రియకు ఇలా చిన్న మాట తగిలించే పద్ధతి వల్లనే విదేశీయులకు అన్నిటికన్నా ఎక్కువ కష్టమని, 1755లో వెలువడిన తన నిఘంటువు పీఠికలో శామ్యూల్ జాన్సన్ స్వయంగా ఒప్పుకున్నారు. అంత స్పష్టమైన వాంగ్మూలం ఉన్నా 170 ఏళ్లు చర్య లేదు. 1925లో లోగన్ పియర్సల్ స్మిత్ అనే రచయిత మాత్రం వీటిని ఫ్రేజల్ వర్బ్స్ అని పిలిచారు. అంటే, మేం శిక్ష అడిగితే వారు బారసాల చేశారు.

నామవాచకాలతో క్రియలకు కుదిర్చిన సంబంధాలు మరో తంతు. తప్పును మేక్ చేయాలి, హోంవర్కును డూ చేయాలి. తారుమారైతే పెళ్లి చెల్లదు. శ్రద్ధనైతే ఏకంగా పే చేయాలి, రసీదు మాత్రం ఇవ్వరు. మూడు గంటలు వేళ్లు నొప్పి పుట్టేలా రాసిన పరీక్షను, రాశామని ఇంగ్లీషులో అంటే తప్పట; తీసుకున్నామనో, కూర్చున్నామనో అనాలట.

ఈ అర్జీని శుద్ధప్రతి రాస్తుండగా, డాలస్ నుంచి సెలవులకు వచ్చిన మా తొమ్మిదేళ్ల మేనకోడలు పక్కకు చేరింది.

“మావయ్యా, నీకు జలుబు చేసిందన్నావు కదా, ఎవరు చేశారు?”

నేను తుమ్మి ఊరుకున్నాను.

“ఈత కొడితే నీళ్లకు నొప్పి పుట్టదా? మరి బోరు కొట్టింది అంటే, బోరు నిన్ను కొట్టిందా, నువ్వు బోరును కొట్టావా?”

సదరు బాలిక మైనరు కావడం చేతనూ, అడిగిన అంశాలు ఈ అర్జీ పరిధిలోకి రాకపోవడం చేతనూ ఆమె ప్రశ్నలను రికార్డులకు ఎక్కించలేదని మనవి చేసుకుంటున్నాను.