లాంచ్ టైమ్ సరే, ఆ తర్వాత?

2024 డిసెంబరు 30 రాత్రి శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ-సీ60 రాకెట్ స్పేడెక్స్ అనే జంట ఉపగ్రహాలతో 9.58కి బయల్దేరాలి. బయల్దేరింది మాత్రం 10 గంటల 15 సెకన్లకు. ఇలా టైమ్ మారగానే ‘రాకెట్‌లో ఏదో తేడా కొట్టిందట’ అనేస్తారు. నిజానికి రాకెట్ బాగానే ఉంది. అది వెళ్లే దారికి దగ్గరగా ఇంకో ఉపగ్రహం వస్తోంది, అంతే.

ఇది కొత్తేమీ కాదు. 2012 సెప్టెంబరులో ప్రధాని మన్మోహన్‌సింగ్ ప్రయోగం చూడటానికి వచ్చినా పీఎస్‌ఎల్‌వీ-సీ21 రెండు నిమిషాలు ఆగింది. తర్వాతి ఫిబ్రవరిలో రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ ఐదు నిమిషాలు ఎదురుచూడాల్సి వచ్చింది. అంతరిక్ష శకలాలకు ప్రోటోకాల్ తెలీదు మరి! చంద్రయాన్-3ని ఆపింది నాలుగంటే నాలుగే సెకన్లు.

నాలుగు సెకన్లతో ఏమొస్తుందనిపించవచ్చు. భూమికి దగ్గరగా ఉండే దిగువ కక్ష్యలో తిరిగే వస్తువు సెకనుకు దాదాపు ఏడున్నర కిలోమీటర్లు పోతుంది. అంటే ఆ కాసేపట్లో ముప్పై కిలోమీటర్లు దాటేస్తుంది. ఇస్రో వాళ్లు ‘కోలా’ (కొలిజన్ అవాయిడెన్స్, అంటే ఢీకొనకుండా తప్పించుకోవడం) అని పిలిచే లెక్క ఇదే. ఫలానా క్షణంలో ఎగిరితే రాకెట్, అది వదిలే ఉపగ్రహాలు ఏ సమయానికి ఎక్కడుంటాయో చూసి, భూమి చుట్టూ తిరిగేవాటి జాబితాలో ఉన్న వేల వస్తువుల దారులతో పోలుస్తారు. దగ్గరకొచ్చే క్షణాలను కొట్టేసి, మిగిలినవాటిలో ఒకటి ఎంచుకుంటారు. రాకెట్ గీత గీసినట్టు పోదు కాబట్టి చుట్టూ కొంత ఖాళీ కూడా వదలాలి.

ఈ జాగ్రత్తను మెచ్చుకోవాల్సిందే. కానీ అక్కడితో ఆగిపోవడమే నాకు నచ్చదు. ఆ జాబితాలో ఎక్కువ భాగం అమెరికా ఇచ్చేది. అందులోనూ దిగువ కక్ష్యలో సుమారు పది సెంటీమీటర్లకు మించినవే ప్రధానంగా ఉంటాయి. అంతకన్నా చిన్న ముక్కలు లక్షల్లో ఉన్నా వాటిని చూసి టైమ్ మార్చే వీల్లేదు. 2019లో మన ఉపగ్రహాన్నే క్షిపణితో పేల్చి చూసిన మిషన్ శక్తితో మనమూ కొన్ని వందల ముక్కలు కలిపాం. తక్కువ ఎత్తులో పేల్చడం వల్ల చాలావరకు త్వరగానే కాలిపోయాయనుకోండి.

అసలు టెన్షన్ ఉపగ్రహం రాకెట్ నుంచి విడిపోయాక మొదలవుతుంది. 2025 డిసెంబరులో చైనాలోని జియుచువాన్ నుంచి వెళ్లిన కైనెటికా-1 రాకెట్ వదిలిన ఉపగ్రహం ఒకటి తమ స్టార్‌లింక్ ఇంటర్నెట్ ఉపగ్రహానికి 200 మీటర్ల దూరంలోకి వచ్చిందని అమెరికా కంపెనీ స్పేస్‌ఎక్స్ ఆరోపించింది. తమకు ముందుగా ఎవరూ ఏమీ చెప్పలేదంది. ప్రయోగించిన కంపెనీ మాత్రం లాంచ్ టైమ్ చూసుకునే ఎగిరామని, విడిపోయిన దాదాపు 48 గంటలకు జరిగినదానితో తమకు సంబంధం లేదన్నట్టు బదులిచ్చింది. ఇద్దరి మాటా నిజమే కావచ్చు, చిక్కంతా అందులోనే ఉంది. లాంచ్ కంపెనీ బాధ్యత విడిపోవడంతో తీరిపోతే, కొత్త ఉపగ్రహం ఎవరి జాబితాకూ సరిగా ఎక్కని ఆ మొదటి రోజులకు జవాబుదారీ ఎవరూ ఉండరు. కొత్త ఉపగ్రహం వెళ్లబోయే దారి వివరాలను ప్రయోగానికి ముందే మిగతా ఆపరేటర్లకు ఇవ్వడం తప్పనిసరి చేయాలి. ప్రైవేటు రాకెట్లకు తలుపులు తెరిచిన మన దేశం ఆ షరతును అనుమతి పత్రంలోనే రాసేయొచ్చు. అంతరిక్ష వస్తువులపై నిఘాకు ఇస్రో చేపట్టిన నేత్ర ప్రాజెక్టు రాడార్లు, టెలిస్కోపులు పూర్తయ్యేదాకా ఆగాల్సిన పని కూడా లేదు.