మజ్జిగలో పొటాష్ దండిగా ఉందట!

దేశ వ్యవసాయ రంగానికి ఒక శుభవార్త. భూసార పరీక్షా కేంద్రాలన్నీ ఇక మూసేసుకోవచ్చు, ఎందుకంటే పోయిన వారం మా బాబాయి ఆన్‌లైన్‌లో 4,000 పెట్టి సెవెన్ ఇన్ వన్ మీటర్ తెప్పించాడు. మట్టిలో గుచ్చితే చాలు, తేమ, వేడి, పీహెచ్ (పులుపు-క్షారం లెక్క), ఈసీ (కరెంటు ఎంత బాగా పారుతోందన్న లెక్క), నత్రజని, భాస్వరం, పొటాష్ అన్నీ పది సెకన్లలో చెప్పేస్తుందట. పాపం ల్యాబ్ వాళ్ళు ఒక్క భాస్వరం కోసమే మట్టిని సోడియం బైకార్బనేట్ ద్రావణంలో అరగంట ఊపి, వడగట్టి, నీలం రంగు తెప్పించి మరీ కొలుస్తారు, ఎంత టైమ్ వేస్టో చూడండి.

గట్టు పక్కన గుచ్చితే నత్రజని 38. రెండడుగులు జరిగితే 71. అక్కడే చెంబెడు నీళ్ళు పోసి గుచ్చితే 112. "చూశావ్రా, బలమంతా నీళ్ళలోనే ఉంది" అన్నాడు బాబాయి.

నాకెందుకో అనుమానమొచ్చి మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆ సూదుల్ని ఉప్పేసిన మజ్జిగ గ్లాసులో ముంచా. నత్రజని 214, పొటాష్ 590! మా పొలం పుట్టి బుద్ధెరిగాక అంత పొటాష్ చూసుండదు. సంగతేంటంటే ఇలాంటి చవక మీటర్లు చాలావాటికి నత్రజని ఎవరో పొటాష్ ఎవరో తెలీదు, తెలిసిందల్లా సూదుల మధ్య కరెంటు ఎంత బాగా పారుతోందన్నదే, ఆ ఒక్క అంకెనే ఒకదాంతో గుణిస్తే నత్రజని, ఇంకోదాంతో గుణిస్తే భాస్వరం. ఉప్పుంటే కరెంటు ఇంకా బాగా పారుతుంది. ఆ లెక్కన చౌడు నేలని మించిన మాగాణి లేదు.

అలాగని మట్టి పరీక్ష చేసి సర్కారు ఇచ్చే, 2015లో మొదలైన సాయిల్ హెల్త్ కార్డు ఏం తక్కువ తిన్లేదు. పన్నెండు అంశాలు అచ్చేసి ఇస్తే బాబాయి లామినేషన్ చేయించి పట్టాదారు పాస్‌బుక్‌లో దాచుకున్నాడు. కాకపోతే అప్పట్లో నీళ్ళున్న భూముల్లో రెండున్నర హెక్టార్లకి ఒక శాంపిల్, అంటే ఆరెకరాల పైచిలుకు, మా బాబాయిదేమో ఎకరంన్నర. కార్డులో ఉన్నది ఎవరి మట్టో ఎవరికెరుక? మీటర్ అబద్ధం చెప్పినా మన పొలం గురించే చెబుతుంది కదా, అదీ ఆత్మీయత.

వరికి ఆకు రంగు పట్టీ అని కూడా ఒకటుంది లెండి, ప్లాస్టిక్ ముక్క మీద లేత నుంచి ముదురు దాకా నాలుగో ఆరో ఆకుపచ్చలు, మన నీడలో ఆకుని పక్కన పెట్టి పోల్చుకుంటే యూరియా ఇప్పుడెయ్యాలో ఆగాలో తెలుస్తుంది. బ్యాటరీ లేదు, స్క్రీన్ లేదు, బ్లూటూత్ లేదు. ఎవడు నమ్ముతాడండీ?

యూరియా సంగతంటారా, మీటర్ ఎంత చూపించినా 45 కిలోల బస్తా 266 రూపాయల 50 పైసలే, పక్క చేనోళ్ళు రెండేస్తే మనమూ రెండే. మీటర్ చేసేదల్లా ఆ రెండు బస్తాలకి సైన్స్ సపోర్ట్ ఇవ్వడం.

ప్రస్తుతం అది పిన్ని దగ్గరుంది. పులుసు చల్లారాక ముంచి చూస్తోంది, పొటాష్ 600 దాటితే ఉప్పెక్కువైనట్టు. ఇంతవరకూ ఒక్కసారి కూడా తప్పలేదు.